మూపురం వెనక సుడి

2009వ సంవత్సరం. గద్వాలలో కూరగాయల మార్కెట్టుకు పోయే సందులో నాకొక చిన్న గది ఉండేది. బయట పేరు బోర్డు, లోపల రంగు డబ్బాలు, టర్పెంటైన్ వాసన, నేను. అంతకు ముందు చాలా ఏళ్లు గోడల మీద అక్షరాలు రాసి బతికాను. ఎరువులు, పురుగుల మందులు, సిమెంటు, పళ్లపొడి, ఎలక్షన్లు వస్తే అన్ని పార్టీల గుర్తులూ. పొద్దున ఒక పార్టీకి రాసిన గోడనే మధ్యాహ్నం సున్నం కొట్టి ఇంకో పార్టీకి రాసి, ఇద్దరి దగ్గరా చాయ తాగిన రోజులున్నాయి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని తగ్గాక, చేతి దురద ఊరుకోక కాన్వాసు మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. మగ్గం ముందు కూర్చున్న మనుషులు, ధరూర్ దిక్కు కృష్ణలో వల విసిరేవాళ్లు, గొర్రెల మందలు, ఇట్లాంటివి.

అప్పట్లో తెలుగులో బ్లాగులు రాయడం జాతరలా సాగుతోంది. మా సందు చివర నెట్ సెంటర్ నడిపే ఖాజా నాకూ ఒక బ్లాగు తెరిచిపెట్టాడు. బ్లాగంటే ఇంకేం లేదు, ఇంటర్నెట్‌లో మనకు ఉచితంగా ఇచ్చే గోడ. సున్నం కొట్టనక్కర లేదు, మునిసిపాలిటీ వాళ్లు వచ్చి తుడిచేయరు. ఆ గోడకు కింది మూలన ఒక కౌంటర్ ఉండేది. ఎంతమంది వచ్చి చూశారో చూపే అంకెల పెట్టె. ఆ అంకె పెరగకపోతే నాకు అన్నం సయించేది కాదు. ఖాజా సెంటర్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్లన్నింటిలో వరసగా నా బ్లాగు తెరిచి వచ్చేవాణ్ణి.

"అన్నా, నీ దుకాణంల గిరాకీ నువ్వేనా ఏంది?" అని ఖాజా నవ్వేవాడు.

బొమ్మ పెట్టాక దాని కింద రెండు ముక్కలు రాయాలి. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరు చదువుతారు? అందుకని నాకు పుట్టుకతో వచ్చిన విద్యనే వాడాను. ఒక మేక బొమ్మ కింద, ఈ మేక నేను కుంచెలు కడిగిన నీలం నీళ్లు తాగి వారం పాటు నీలం పాలిచ్చిందనీ, ఆ పాలతో చాయ పెడితే ఆకుపచ్చగా వచ్చిందనీ రాశాను. ఎవరో ఒకాయన ఆ మేక ఇప్పుడు ఎక్కడుందని కామెంటు రాశాడు. కల్వకుర్తి సంతలో అమ్మేశామని జవాబిచ్చాను. ఆయన కల్వకుర్తి వెళ్లాడో లేదో తెలియదు.

ఇట్లా ఉండగా, చలికాలం చివర్లో అయిజ దగ్గరి ఒక పల్లె నుంచి తిమ్మప్ప అనే రైతు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన దగ్గర ముత్యం అని ఒక తెల్ల ఎద్దు ఉంది. జతలో రెండోది అంతకు ముందటి వానాకాలం పాము కరిచి పోయింది. ఒంటి ఎద్దుతో దున్నడం కుదరదు, ఊళ్లోకి ట్రాక్టర్లూ వచ్చేశాయి. రాయచూరు అవతల శరణప్ప అనే ఆయన ముత్యాన్ని అడుగుతున్నాడట. శరణప్ప బండలాగుడు పందాలకు ఎడ్లను మేపే మనిషి. పెద్ద రాతి బండను గొలుసుతో కట్టి ఎడ్లతో లాగించే పందాలు మా దిక్కు ప్రతి జాతరలోనూ ఉంటాయి. ఉగాది పోయాక వచ్చి తోలుకుపోతానని మాట అనుకున్నారు.

"ఎద్దు పోయినా ఎద్దు బొమ్మ ఇంట్ల ఉండాలె పెయింటర్. శరణప్ప కాడికి పోయిన ఎద్దు అంటె పేరు నిలవడ్తది. జర నిలువెత్తు ఏయి" అన్నాడు తిమ్మప్ప.

సరే, పెద్ద కాన్వాసు బిగించి ఆటో మీద వేసుకుని వాళ్ల ఊరు పోయాను. తెల్ల ఎద్దును వేయడం అనుకున్నంత సులువు కాదు. మొదట్లోనే తెల్ల రంగు డబ్బా మూత తీస్తే బొమ్మ చెడిపోయినట్టే. ముందు అండర్ కోట్ వేస్తాం, అంటే అడుగున మురికి గోధుమ రంగు పూత. దాని మీద బూడిద, కొంచెం నీలం, పొద్దుటి ఎండ పడ్డచోట పసుపు జాడ. అసలు తెలుపు ఆఖర్న కొమ్ము మొదట్లో, మూపురం అంచున, రెండు మూడు చోట్ల మాత్రమే పడుతుంది. మేం దాన్ని హైలైట్ అంటాం. ఈ పనంతా అయ్యేదాకా ఎద్దు నిలబడాలి. ముత్యం ఎవరు పట్టుకున్నా నిలబడలేదు. నన్నొకసారి గడ్డివాము దాకా తరిమింది. దాని ముక్కుగాలికే ఎగిరి వాము మీద పడ్డానని తర్వాత బ్లాగులో రాసుకున్నాను. అది కొంచెం నిజం.

చివరికి తిమ్మప్ప భార్య ఈరమ్మ వచ్చి పగ్గం పట్టుకుంటే, రాయిలా నిలబడింది. తల్లి ఈనిన రోజే చనిపోతే ఆమె సీసాతో పాలు తాపి పెంచిందట. తిమ్మప్ప పొద్దున్నే పత్తి చేనుకు పోయేవాడు. నేను బొమ్మ వేస్తుంటే ఈరమ్మ పగ్గం పట్టుకుని ముచ్చట చెప్పేది.

"ఆ పందాలల్ల ముల్లుకర్రతోటి పొడుస్తరు తమ్మీ. అయిజల చూసిన నేను. తొడల పొంటి నెత్తురు కారుతుంటె గూడ లాగిస్తరు. కాలిరిగితె మల్ల కసాయోని బండెక్కుడే."

"తిమ్మప్పన్నకు చెప్పలేదా అక్కా?"

"చెప్పిన. పేరొస్తదంటడు. పేరు ఎద్దుకొస్తదా నీకొస్తదా అని అడిగిన. తువాల దులుపుకొని లేసిపోయిండు."

బొమ్మ వేయించుకునేది ఆయన, కన్నీళ్లు ఆమెవి. మధ్యలో పెయింటర్‌కు పనేముంది? మాట మార్చడానికి నా బ్లాగు సంగతి ఎత్తాను.

"ఈ బొమ్మ కంప్యూటర్ల పెడ్త అక్కా. అందరు చూస్తరు."

"అందరంటె ఎవలు? మన గద్వాలోళ్లా?"

"గద్వాల ఏంది! దుబాయి షేకులు ఖర్జూరపండ్లు తినుకుంట నా బొమ్మలే చూస్తరు."

"రాయచూరోళ్లు?"

"రాయచూరు ఒక లెక్కనా? పొద్దుగాల మొకం కడుక్కోకముందే చూస్తరు."

ఎవరైనా ఈ మాటకు నవ్వుతారు. ఆమె నవ్వలేదు. కాసేపు ఎద్దు గంగడోలు నిమిరి, "బొమ్మల ఎట్లుంటె అండ్ల గట్లనే పడ్తదా?" అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు పడుతుందని చెప్పాను.

ఆఖరి రోజు తిమ్మప్ప ఏదో పెళ్లికని మల్దకల్ పోయాడు. బొమ్మ దాదాపు పూర్తయింది. ఈరమ్మ వచ్చి ఎదురుగా నిలబడి, కొమ్ముల నుంచి తోక దాకా చూసింది.

"అంత మంచిగేసినవ్ తమ్మీ. సుడి ఒక్కటి మర్సినవ్."

"ఏం సుడి?"

"మూపురం యెనక. ఎంటికలు పండుకుంటె కానరాదు. దువ్వితె లేస్తది, సూడు."

ఆమె అరచేతికి ఆముదం రాసుకుని, ఎద్దు మూపురం వెనక వీపు మీద చెయ్యి పెట్టి గుండ్రంగా తిప్పింది. నిజంగానే అక్కడ వెంట్రుకలు సుడి తిరిగి నిలబడ్డాయి. నాకు ఎడ్ల గురించి ఏమీ తెలియదు. మా నాయన దర్జీ. మా ఇంట్లో నాలుగు కాళ్లున్న వస్తువు కుట్టుమిషను ఒక్కటే. కనబడింది కాబట్టి వేశాను. రౌండ్ బ్రష్ తీసుకుని, మణికట్టు ఒక్క తిప్పు. గోడల మీద పెద్ద పెద్ద "ఠ"లు రాసిన చెయ్యి కదా, ఆ సుడి అంత అందంగా వచ్చింది. బొమ్మ మొత్తంలో నాకు నచ్చింది అదే. మూడు ఊళ్లలో ప్రదర్శన పెట్టుకుని తర్వాత ఇస్తానని ముందే ఒప్పించుకున్నాను కాబట్టి, తిమ్మప్ప తిరిగి రాకముందే కాన్వాసు గద్వాలకు తీసుకొచ్చేశాను.

ఖాజా తన డిజిటల్ కెమెరాతో ఫొటో తీశాడు. ఇక్కడొక చిక్కుంది. కెమెరాకు మన తెలుపు అర్థం కాదు. ఎద్దు నీలంగా పడింది. దాన్ని సరిచేయడానికి ఖాజా కంప్యూటర్లో కాంట్రాస్ట్ పెంచాడు, అంటే తెలుపును ఇంకా తెల్లగా, నలుపును ఇంకా నల్లగా చేశాడు. ఎద్దు తెల్లబడింది. సుడి మాత్రం ఎద్దు వీపు మీద గిన్నె బోర్లించినంత అయింది. అదీ బాగానే ఉందనుకున్నాను. కింద నా విద్య చూపించాను: "ఈ ఎద్దు వీపున సుడి కృష్ణ వరదలో సుడిగుండం లాంటిది. అందులో బియ్యపుగింజ వేస్తే గిరగిరా తిరిగి మూపురం ఎక్కి కూర్చుంటుంది."

తర్వాత ప్రదర్శనలు. మొదటిది నాగర్‌కర్నూల్‌లో. అక్కడ "ఎగ్జిబిషన్" అని బ్యానర్ కట్టడం నేను చేసిన పని. జనం బాగానే వచ్చారు. మా దిక్కు ఎగ్జిబిషన్ అంటే జెయింట్ వీల్, మిర్చి బజ్జీ, గాజుల దుకాణాలు. లోపలికి వచ్చి నాలుగు గోడలూ చూసి, "సామాన్లు ఇంకా దించలేదా అన్నా?" అని అడిగి పోయారు. వనపర్తిలో బ్యానర్ మార్చి "చిత్రకళా ప్రదర్శన" అని రాశాను. ఎవరూ రాలేదు. ఒక్క ముసలి రైతు మాత్రం ఎద్దు బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "అయ్యయ్యో" అని నాలుక చప్పరించి, తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు. నా చిత్రం చూసి ఒక కృషీవలుడు చలించిపోయాడని ఆ రోజు బ్లాగులో రాశాను.

మూడోది గద్వాలలో, ఒక కల్యాణమండపంలో. మొదటి రోజు పొద్దున్నే తిమ్మప్ప తలుపు తోసుకుని వచ్చాడు. నేను నమస్తే అనేలోపే బొమ్మ దగ్గరికి పోయి వేలు పెట్టాడు.

"గిదేంది పెయింటర్? నా ఎద్దు ఈపు మీద పాడె పెట్టినవ్!"

"పాడె ఏందన్నా? సుడి అది."

"మూపురం యెనక సుడి ఉంటె దాన్నే పాడెసుడి అంటరు. ఇంటాయనను పాడెక్కిస్తదని బిచ్చమెత్తుకునేటోడు గూడ కొనడు. నా ఎద్దుకు సుడి లేదు. ఎవడు పెట్టమన్నడు నీకు?"

జరిగింది ఇది. తిమ్మప్ప తన ఎద్దు కంప్యూటర్లో ఉందని శరణప్పకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాడు. ఆయన కొడుకు రాయచూరులో నా బ్లాగు తెరిచి తండ్రికి చూపించాడు. గిన్నెంత సుడి. కింద బియ్యపుగింజ కథ. శరణప్ప ఫోన్లో ఒకటే మాట అన్నాడట: "బేడప్పా, నాకొద్దు."

తిమ్మప్పకు ఇప్పుడు పోయేది ఒక్క బేరం కాదు. అయిజ సంతలో ఆయన మాటకు ఉన్న విలువ పోతుంది, పాడెసుడి ఎద్దును అంటగట్టబోయాడని. అందుకని రేపు గద్వాలకు రమ్మని, పదిమంది ముందు బొమ్మనూ ఎద్దునూ పక్కపక్కన పెట్టి చూసుకొమ్మని శరణప్పను పిలిచాడు.

"సుడి లేదని తేలితె నువ్వు అందరి ముందల చెప్పాలె, నేను కండ్లు మూసుకొని ఏసిన అని" అన్నాడు నాతో.

ఆ రాత్రి నాకు సుడి ఎక్కడి నుంచి వచ్చిందో మెల్లగా అర్థమైంది. ఈరమ్మ అడిగిన రాయచూరు, ఉన్నట్టే పడుతుందా అన్న ప్రశ్న, అరచేతి ఆముదం అన్నీ వరసగా కూర్చున్నాయి.

మర్నాడు ట్రాలీ ఆటోలో ముత్యం దిగింది. వెంట తిమ్మప్ప, పగ్గం పట్టుకుని ఈరమ్మ. ఆమె లేకుండా అది ఆటో ఎక్కలేదట. కాసేపటికి శరణప్ప వచ్చాడు, తెల్ల పంచె, చెవులకు పోగులు. మండపం ముందు జనం. మూడు ఊళ్లలో నా బొమ్మల కోసం రాని జనమంతా ఆ ఒక్క పూట వచ్చారు. కాన్వాసును బయటికి తెచ్చి ఎండలో గోడకు ఆనించాను. పక్కన ముత్యం.

శరణప్ప ఎద్దు వీపు మీద చెయ్యి వేసి మెడ నుంచి తోక దాకా నిమిరాడు. మళ్లీ వెనక్కి నిమిరాడు.

"ఇల్ల. సుడి లేదు" అన్నాడు.

"సూసిండ్రా!" అని తిమ్మప్ప జనం వైపు తిరిగాడు. "ఇగ చెప్పు పెయింటర్."

అందరూ నా వైపు చూశారు. ఈరమ్మ చూడలేదు. ఎద్దు కొమ్ముకు కట్టిన ఎర్ర దారం సవరిస్తోంది. ఆమె పేరు చెబితే ఇంటికి పోయాక ఆమె పరిస్థితి ఏమిటి? కండ్లు మూసుకుని వేశానంటే ముత్యం ఆ సాయంత్రమే ఆటోలో రాయచూరు దారి పడుతుంది. నేను అబద్ధాలకు పేరున్న మనిషిని. అయినా ఆ రోజు నాకు తోచిన దారి నిజం ఒక్కటే.

"నేను ఉన్నదే ఏసిన" అన్నాను. "ఉత్తగ నిమిరితె కానరాదు. దువ్వితె లేస్తది. నా కండ్లతోటి చూసిన."

"దువ్వు మరి" అన్నాడు శరణప్ప.

"నన్ను దగ్గెరికి రానియ్యదు. అక్క దువ్వితె నిలవడ్తది."

ఈరమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత ఎద్దు పక్కకు పోయి, చెయ్యి కొంగుకు తుడుచుకున్నట్టు చేసి, వీపు మీద అరచెయ్యి పెట్టి తిప్పింది. సుడి లేచింది. నా బొమ్మలో ఎక్కడుందో అక్కడే, అంతే. జనం "ఓయ్" అన్నారు. ఒక ముసలాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇంట్ల పుట్టిన ఎద్దు! సుడి ఉంటె నాకు తెల్వదా?" అని తిమ్మప్ప అరిచాడు.

"తెల్సి చెప్పలేదా మరి?" అన్నాడు జనంలోంచి ఎవడో.

తిమ్మప్ప ఇరుక్కుపోయాడు. తెలుసంటే దాచినట్టు, తెలియదంటే ఎద్దు ఎరగని రైతైనట్టు. భార్య వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు. ఆయన తువాలు భుజం మీద నుంచి తీసి, దులపకుండానే మళ్లీ వేసుకున్నాడు.

"నాకు గూడ ఇయాల్నే తెల్సింది" అన్నాడు నెమ్మదిగా. "పొరపాటయింది శరణప్పా. ఎద్దును తోలుకపోత."

శరణప్ప ఆ సుడి మీద ఒకసారి వేళ్లు పెట్టి చూశాడు. పోయేముందు నన్ను పక్కకు పిలిచి, చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఆముదం వాసన.

"ఎడ్ల నడుమనే తల నెరిసినోణ్ని. చేత్తో తిప్పిన సుడికీ, పుట్టిన సుడికీ తేడా తెలీదా నాకు?" అన్నాడు.

"మరి ఎందుకు విడిచిపెట్టినవ్?"

"నాకు తెలుసప్పా. చూసిన ఈ జనానికి ఎవరు చెప్తారు? రేపు పందెంలో దించితే బండను చూడరు, వీపును చూస్తారు." ఆటో ఎక్కుతున్న ఈరమ్మ వైపు చూసి, "ఆ యమ్మను లాగే బలం నా ఎడ్లకు లేదు" అని నవ్వి బస్టాండు వైపు నడిచాడు.

వానలు పడ్డాక ఒకసారి అయిజ పోతూ వాళ్ల ఊళ్లో దిగాను. నిలువెత్తు బొమ్మ ఇంట్లో లేదు. కొట్టం గోడకు, బాట మీద పోయేవాళ్లకు ఎదురుగా తగిలించారు. ఎండకూ జల్లుకూ కొమ్ములు వెలిశాయి, నేను అంత కష్టపడి పెట్టిన హైలైట్లు పోయాయి. సుడి మాత్రం నల్లగా, కొత్తగా ఉంది. దగ్గరికి పోయి చూశాను. బొగ్గూ ఆముదమూ కలిపి దిద్దారు. ఆ గీత నాది కాదు. దాని కింద ముత్యం గడ్డి నములుతోంది.

"ఎడ్ల బేరగాండ్లు వస్తుంటరు తమ్మీ, అందుకని" అంది ఈరమ్మ. చాయ తెచ్చిన తిమ్మప్ప ఏమీ విననట్టు ఎద్దు కింద పేడ తీశాడు.

పోతూ పోతూ ఆమెను అడిగాను. "అక్కా, నా బ్లాగు దునియా అంత చూస్తదంటె నువ్వు నిజంగనే నమ్మినవా?"

"దునియాతోటి నాకేం పని? ఒక్కడు చూస్తె సాలనుకున్న. చూసిండు గద."

గద్వాలకు తిరిగొచ్చి ఖాజాతో బ్లాగులోని కౌంటర్ తీసేయించాను. "ఇగ నా కంప్యూటర్లకు గిరాకీ పోయింది పో" అన్నాడు వాడు. ఆ తర్వాత చాలా బొమ్మలు వేశాను, చాలా ఊళ్లలో గోడలకు తగిలించాను, బ్లాగులో మేకల చేత రకరకాల రంగుల పాలు ఇప్పించాను. బొమ్మను జనంలో పెట్టే ముందు మాత్రం ఎంతమంది చూస్తారని ఇప్పుడు లెక్క వేయను. ఇది ఎవరు చూడాలి, చూస్తే వాళ్లేం చేస్తారు అని ఒకసారి ఆలోచించుకుంటాను. ఎద్దు బొమ్మ అయితే, పగ్గం ఎవరి చేతిలో ఉందో కూడా చూసుకుంటాను.